వంతుకు వచ్చినవాళ్ళ పేర్లు

రైటర్ బల్ల

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు. నా ఉద్యోగమంతా ఆ రాత మీదే నడిచింది కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను. గుడిబండ దగ్గర మా ఊరి బడిలో అయ్యవారు వేళ్ళ మీద కొట్టి కొట్టి దిద్దించిన అక్షరాలవి. కానిస్టేబుల్‌గా చేరిన రెండో ఏడాది మా హెడ్ కానిస్టేబుల్ డేవిడ్ సార్ నేను రాసిన రిపోర్టు ఒకటి చూసి, "ఏమబ్బా, ముత్యాలు పోసినట్ల రాస్తాండావే! నీకు లాఠీ యాల? వచ్చి ఈడ కూకో" అని రైటర్ బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడం కూర్చోవడం, ఏఎస్సైగా రిటైరయ్యేదాకా లేవలేదు.

పోలీసు అంటే సినిమాల్లో చూపించే మనిషి అనుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి పోతుంటారు. జీపు గురించి అడుగుతారు, పోస్టింగుల గురించి అడుగుతారు, ఏ సార్ మంచివాడు, ఏ సార్ చెడ్డవాడు అని అడుగుతారు. రైటర్ ఏం చేస్తాడని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. నాకు ఒళ్ళు మండుతుంది. బాబూ, స్టేషన్‌కు ఎవరు వచ్చినా, ఎవరిని తెచ్చినా, ఎవరిని వదిలినా ఆ సంగతి కాగితం మీద పెట్టేది రైటరే. ఫిర్యాదు రాసేదీ, వాంగ్మూలం రాసేదీ, పంచనామా రాసేదీ అతనే. కోర్టువారు మనిషిని చూసేలోపు మన కాగితాన్ని చూస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కలే నా సర్వీసంతా గడిచింది. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఏ స్టేషన్‌లో జరిగిందో మాత్రం చెప్పను. ఆ రోజుల్లో నాతో పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. పైగా ఇది నా తప్పు గురించిన మాట. ఇంకొకరి పేరు పెట్టుకుని దాన్ని తేలిక చేసుకోవడం నాకిష్టం లేదు.

డేవిడ్ సార్ దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మనిషిని "అన్నం తింటివా?" అని అడగకుండా ఆయన కలం ముట్టేవారు కాదు. ఆకలి మీద ఉన్న మనిషి ఒక మాట పోయి ఇంకో మాట చెబుతాడనేవారు. నా సర్వీసంతా ఆ అలవాటు నాకు అన్నం పెట్టింది. కొట్టివేతలు చేయకుండా రాయడం, చదువు రానివాళ్ళకు రాసింది చదివి వినిపించడం, ఆడమనిషి చెప్పేటప్పుడు తల ఎత్తకుండా వినడం, ఇవన్నీ ఆయన చలవే. వంతు పద్ధతి నేర్పింది కూడా ఆయనే. మంచి గురువు దగ్గర చెడ్డ అలవాటు కూడా భక్తితోనే నేర్చుకుంటాం.

ఎంతమంది గావాల?

మా స్టేషన్ పరిధిలో ఎరుకల కాలనీ ఒకటి ఉండేది. ముప్పై నలభై ఇళ్ళు. బుట్టలల్లడం, పందులు పెంచడం, శెనక్కాయ చేలల్లో కూలికి పోవడం వాళ్ళ బతుకు. తెల్లవాళ్ళ కాలంలో కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలని చట్టం చేసి, ఊరు దాటాలంటే స్టేషన్‌లో చెప్పిపోవాలన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం తీసేశారు. మా స్టేషన్ అలవాటు మాత్రం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా, జరిగిన ఇంటికి పోకముందే కాలనీకి పోయేవాళ్ళం.

మొదటిసారి నన్ను డేవిడ్ సార్ వెంటబెట్టుకుని పోయారు. వేపచెట్టు నీడలో ఈతబరికెలతో బుట్ట అల్లుతున్న ఒక పెద్దామె మమ్మల్ని చూసి లేవనైనా లేవలేదు. ఆమె పేరు తిప్పమ్మ. కాలనీకి పెద్దదిక్కు ఆమే.

"ఎంతమంది గావాల సార్?" అంది.

"ఇద్దరు సాలు తిప్పమ్మా" అన్నారు డేవిడ్ సార్.

"పోయినతూరి నడిపింటోళ్ళు వచ్చిరి. ఈతూరి గేటుపక్క ఇంటోళ్ళది వంతు. సద్ది గట్టుకోని వస్తారు, మీరు పోతాండండి."

నేను నోరు తెరుచుకుని చూశాను. వెనక్కి వచ్చేటప్పుడు డేవిడ్ సార్ వివరంగా చెప్పారు. ఎట్లాగూ ఎవరో ఒకరిని తీసుకుపోతారు. చంటిబిడ్డ తల్లినో, జ్వరంతో పడుకున్నవాడినో, కోత పనికి పోయేవాడినో ఈడ్చుకుపోతే ఇల్లు గడవదు. అందుకని కాలనీవాళ్ళే ఇంటింటికీ వంతు పెట్టుకున్నారు. వంతు వచ్చిన ఇంటి మగవాడు సద్ది మూట కట్టుకుని స్టేషన్‌కు వచ్చి రెండు మూడు రోజులు కూర్చుంటాడు. దెబ్బలు పడితే పడతాయి. అసలు దొంగ దొరికితేనో, ఫిర్యాదు ఇచ్చినవాడు విసిగిపోతేనో ఇంటికి పోతాడు.

మాకు సుఖంగా ఉండేది. వెతుక్కోవాల్సిన పని లేదు. వచ్చినవాడి పేరు నేను రిజిస్టర్‌లో ఎక్కించేవాడిని. ఒకే పేరు నాలుగైదుసార్లు పడితే అతని పేరున సస్పెక్ట్ షీట్ తెరిచేవాళ్ళం. అంటే అనుమానితుల జాబితాలో అతనికంటూ ఒక కాగితం, ఫొటో, వేలిముద్రలు, ప్రతి ఆదివారం వచ్చి సంతకం. "ఇన్ని కేసుల్లో వీని పేరు ఉండాది సూడు" అని కొత్తగా వచ్చిన ప్రతి యస్సైకీ ఆ కాగితం చూపించేవాళ్ళం. ఆ పేరు అన్నిసార్లు ఎందుకు పడిందో నాకు తెలుసు. వాడి ఇంటికి వంతు అన్నిసార్లు వచ్చింది, అంతే. తెలిసి తెలిసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

చీరల మూట

ఇక నేను చెప్పాలనుకున్న కేసు. ధర్మవరం నుంచి మగ్గాలున్న ఒక పెద్దమనిషి, తాను నేయించిన పట్టుచీరలు తానే అమ్ముకునేవాడు, స్టేషన్ ఉన్న ఊళ్ళో ఒక పెళ్ళింటికి చీరల మూట తెచ్చాడు. మా వైపు అది మామూలే. పదకొండు చీరలు తెచ్చి, ఆడవాళ్ళందరూ చూసి ఎంచుకోనీ అని ముందుగదిలో పెట్టి, బంధువుల ఇంటికి భోజనానికి పోయి వచ్చేసరికి మూట లేదు. పెళ్ళివాళ్ళు ఆయన్నే అనుమానించారు, ఆయన పెళ్ళివాళ్ళను అనుమానించి స్టేషన్‌కు వచ్చాడు.

అప్పటి మా యస్సై దూకుడు మనిషి. పెళ్ళింటికి పోయి పెద్ద కుటుంబాన్ని ప్రశ్నలేసి నొప్పించడం దేనికని కాలనీకి కబురంపాడు. ఆ తూరి వంతు తిప్పమ్మ ఇంటిది. ఆమె కొడుకు బెంగళూరులో కట్టడాల పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్న మగపిల్లవాడు మనవడు రామాంజి ఒక్కడే. పద్దెనిమిదేళ్ళవాడు, ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, అదే చొక్కాతో స్టేషన్‌కు వచ్చాడు.

వంతుకు వచ్చిన పెద్దవాళ్ళకు ఎలా కూర్చోవాలో, దేనికి ఔననాలో తెలుసు. ఈ పిల్లవాడికి తెలియదు. "నేను తీయలేదు సార్" అని అన్నదే అన్నాడు. రెండో రోజు లోపలి గదిలో యస్సై అరికాళ్ళ మీద కొట్టించాడు. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. ఆ కేకలు వినబడుతుంటే ఏదో సమన్లకు జవాబు రాస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

కొట్టగా కొట్టగా ఔనన్నాడు. ఎక్కడ దాచావంటే ఏదో ఒక చోటు చెప్పాలి కదా, రైల్వే గేటు దగ్గర తుమ్మచెట్ల కింద అన్నాడు. మావాళ్ళు పోయి పొద్దుగూకేదాకా తవ్వి, చేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చారు. ఈలోపు వాంగ్మూలం రాయమని యస్సై నాకు చెప్పాడు. అందరికీ రాసే మాటలే వాడికీ రాశాను. "చెడు వ్యసనాలకు అలవాటుపడి, సులభంగా డబ్బు సంపాదించవలెనను దురుద్దేశముతో" అని మొదలవుతుంది ఆ వాక్యం. అది రాయడానికి నాకు ఎదురుగా మనిషి కూడా అక్కర్లేదు.

సంతకం పెట్టమని కాగితం ముందుకు తోశాను. కాలనీ నుంచి వచ్చినవాళ్ళలో సంతకానికి ముందు కాగితం చదివిన మొదటి మనిషి రామాంజి. మొత్తం చదివి తల ఎత్తాడు.

"సార్, చెడు వ్యసనాలంటే ఏంటివి సార్? నాకు యా అలవాటూ లేదు. ఈ మాట నేను చెప్పలేదు గద సార్?"

జవాబు లేనివాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. "సదువుకున్నోడివని పొగరా? పెట్టు సంతకం" అని గద్దించాను. పెట్టాడు.

మూడో రోజు పొద్దున ఆ పెళ్ళికూతురి మేనత్త పెనుకొండ బస్సు దిగింది, చంకలో చీరల మూటతో. పెనుకొండలో మంచాన ఉన్న ముసలామె, పెళ్ళికూతురి జేజి, అంటే నాన్నమ్మ, చీరలు చూడాలని ముచ్చటపడిందట. ఈమె మూట తీసుకుపోయి, ఒక్కో చీరా విప్పి చూపించి, రెండు రోజులు అక్కడే ఉండి తీరిగ్గా తెచ్చింది. చీరలాయనకు తన వదిన చెప్పి ఉంటుందని ఈమె అనుకుంది. ఈమే చెప్పి ఉంటుందని వదిన అనుకుంది. ముందుగదిలో మగవాళ్ళ మధ్య జరిగిన గొడవ వంటింట్లో ఉన్న ఆమెదాకా పోనేలేదు. మేము పెళ్ళింటికి పోయి ఒక్క ఆడమనిషిని అడిగి ఉంటే గంటలో తేలిపోయేది.

చీరలాయన పరుగున వచ్చాడు. ఆయనకు తలకొట్టేసినట్టయింది. "ఆ పిల్లోన్ని ఏం చేసినారు సార్?" అని మొదట అడిగింది అదే. రామాంజి గోడకు చేయి ఆన్చుకుని కుంటుతూ బయటికి వస్తుంటే చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఫిర్యాదు పొరపాటని రాసి ఫైలు మూసేశాం. పేరు నాలుగైదుసార్లు పడేదాకా ఆగకుండా, ఔనన్నాడు కదా అని రామాంజి పేరున ఆ రెండు రోజుల్లోనే తెరిచిన సస్పెక్ట్ షీట్ వేరే రిజిస్టర్‌లో ఉంది. "దాన్ని ఏం చేయమంటారు సార్?" అని అడిగాను. "ఉండనీలే, ముందుకు పనికొస్తాది" అన్నాడు యస్సై. దాంట్లో కారణం అనే గడి ఖాళీగా ఉంది. "పాత నేరస్తుల సహవాసం" అని నింపాను. ఆ సహవాసం ఎవరితోనంటే వాళ్ళ అవ్వతో, ఇంటిపక్కవాళ్ళతో.

కారులో గొర్రెలు

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. చిలమత్తూరు వైపు గొర్రెలు పోతున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి. మామూలుగా కాలనీ వంతులు నడుస్తున్నాయి. ఒక పొద్దున కర్ణాటక సరిహద్దు దగ్గర తనిఖీలో కారొకటి ఆపితే, వెనక సీట్లో కాళ్ళు కట్టేసిన గొర్రెలు నాలుగు. నడుపుతున్నవాడు పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాడు. మూడుసార్లు చేశానని వాడే ఒప్పుకున్నాడు.

వాడికి కుర్చీ వేశాం. టీ తెప్పించింది నేనే, చక్కెర తక్కువ కావాలంటే మళ్ళీ తెప్పించింది కూడా నేనే. మధ్యాహ్నానికి పెద్దమనుషులు వచ్చారు, గొర్రెలవాళ్ళతో రాజీ కుదిరింది. వాడి పేరున షీట్ తెరవనా అని యస్సైని అడిగితే, "పిల్లోడప్పా, జీవితం పాడైపోతాది" అన్నాడు. ఆ మాట తప్పని నేను అనను. రామాంజి కూడా పిల్లోడే కదా అని నా నోట రాలేదు, అదీ నా బాధ. ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్క విషయం గమనించండి. మన స్టేషన్లో ఎవరికి కుర్చీ వేస్తున్నామో, ఎవరిని నేల మీద కూర్చోబెడుతున్నామో ఒక నెల రోజులు రాసి పెట్టుకోండి. నేరం గురించి మీకున్న అభిప్రాయాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

మేడమ్

ఆ యస్సై బదిలీ అయ్యాక ఒక మేడమ్ వచ్చారు. చిన్న వయసు. ఆమెను చూసి మేమంతా లోలోపల నవ్వుకున్నాం, అదీ ఒప్పుకుంటున్నాను. వచ్చిన వారానికి పంపుసెట్టు మోటారు పోయింది. నేను అలవాటుగా, "కాలనీకి మనిషిని పంపుదునా మేడమ్?" అన్నాను.

"అక్కడివాళ్ళను మోటారుతో ఎవరైనా చూశారా?"

"లేదు మేడమ్. వంతు ప్రకారం వస్తారు."

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే వింతగా వినబడింది. ఆమె నా చేతిలోని ఫిర్యాదు తీసుకుని చదివారు. తరువాత, "మోటారు పోయిన చేను చూద్దాం, పదండి" అని జీపెక్కారు. బోరు మరమ్మతు చేసేవాడే మోటారు ఎత్తుకుపోయాడని సాయంత్రానికి తేలింది. ఆ రోజు నుంచి ఆమె ఉన్నంతకాలం కాలనీకి మా మనిషి పోలేదు. ముప్పై ఏళ్ళకు పైబడిన నా సర్వీసులో నాకు పోలీసు పని నేర్పింది ఆమె. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఆమెకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

ఆమె నాకు ఒక పని అప్పజెప్పారు. ఏ కేసూ రుజువు కాకుండా తెరిచిన షీట్లన్నీ ఏరి, మూసేయడానికి ప్రతిపాదన రాయమన్నారు. "రేపు మేడమ్" అన్నాను. మర్నాడు కూడా అదే అన్నాను. ఆ షీట్లన్నీ నా చేతిరాతే. ఎందుకు తెరిచారని పైనుంచి అడిగితే మొదట చెప్పాల్సింది నేను. ఎనిమిది నెలలకు ఆమెకు బదిలీ వచ్చింది. వీడ్కోలు సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే, లోపల ఊపిరి పీల్చుకుంటూ. నేను కొట్టింది ఒక దెబ్బ కూడా లేదని చెప్పుకుంటూ వచ్చినవాడిని. ఈ వాయిదా మాత్రం నా సొంత నేరం.

గుర్తుపట్టిన రాత

ఆ తరువాత నాకూ బదిలీ అయింది. రిటైర్మెంట్‌కు ఇంకా ఎనిమిది నెలలుందనగా, ఒక ఆదివారం పొద్దున హిందూపురంలో మా ఇంటి గేటు దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. తనే చెప్పుకున్నాడు, రామాంజి అని.

లోపలికి రమ్మన్నాను. కుర్చీ చూపించాను. కూర్చోడానికి కాస్త తటపటాయించి కూర్చున్నాడు. డిగ్రీ అయిందట. కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి ఎంపికయ్యాడట. దేహదారుఢ్య పరీక్షలో పరుగు కూడా నెగ్గాడని చెబుతుంటే నేను తెలియకుండానే వాడి పాదాల వైపు చూశాను. ఇప్పుడు ప్రవర్తన విచారణ దగ్గర ఆగింది. స్టేషన్‌లో వాడి పేరున సస్పెక్ట్ షీట్ ఉంది. అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకున్న మూడేళ్ళూ దాంట్లో "ఊళ్ళో లేడు, కదలికలు అనుమానాస్పదం" అని ఉంది.

"పదిహేను దినాల్లోపల నేను అట్లాంటోన్ని గాదని తెలాల సార్. వయసు గూడా ఇదే ఆఖరు. ఇది పోతే మళ్ళా రాదు."

"షీటు నువ్వు చూసినావా?"

"సూపించినారు సార్. రాత సూస్తానే మీదని తెలిసిపాయ. మర్సిపోలేదు."

వెంటనే తోచిన దారి చెప్పాను. అక్కడ ఇప్పుడున్న రైటర్ నా శిష్యుడే. ఒక్క మాట చెబితే ఆ కాగితం కనబడకుండా పోతుంది. పాత రిజిస్టర్లకు చెదలు పట్టడం కొత్తేం కాదు.

రామాంజి తల అడ్డంగా ఊపాడు. "పోగొట్టొద్దు సార్. ఈపొద్దు పోతే రేపు ఇంగ యాడో ఒకచోట దొరుకుతాది. అప్పుడు నేనే పోగొట్టినానంటారు. మీరు రాసిందే గద సార్. అది తప్పని మీరే రాయండి."

కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టూ అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. నేను రాయాలంటే ఏం రాయాలో నాకు తెలుసు. మూడు రోజులు అరెస్టు చూపకుండా ఉంచామని రాయాలి. చెప్పని మాటలు చెప్పినట్టు రాశానని రాయాలి. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి అట్లాంటి కాగితం పైకి పంపితే పింఛను మీదికి వస్తుంది. "ఆలోచించి చెబుతా" అన్నాను. వాడు లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

లోపల అంతా వింటున్న మా ఆవిడ బయటికి వచ్చింది.

"రాస్తే ఏమయితాది?"

"పింఛను ఆపినా ఆపొచ్చు."

ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది. "నీ రాత బాగుంటాదని ఊరంతా నేనే చెప్పుకోని తిరిగినా. పెండ్లిపత్రికల మీద పేర్లు గూడా నీతోనే రాపిస్తిని. స్టేషన్లో ఏం రాస్తాండావో ఒక్కనాడూ అడగలేదు సూడు" అంది. లేస్తూ, "రాయి. ఇద్దరమే గద, ఎట్లో ఒకట్ల బతుకుతాం" అంది.

ఆమె ఆ మాట అనకపోతే నేను రాసేవాడినా? నిజం చెప్పాలంటే తెలియదు.

మూడు పేజీలు

ఆ రోజే రాశాను. మూడు పేజీలు. మొదటిసారి నా చేతిరాత వంకర పోయింది. వంతు పద్ధతి గురించి, చీరల మూట గురించి, వాంగ్మూలంలో ప్రతి మాటా నాదేనని, పిల్లవాడు చదివి అభ్యంతరం చెప్పినా నేను గద్దించి సంతకం పెట్టించానని రాశాను. చీరలాయన్ను వెతుక్కుంటూ ధర్మవరం పోయాను. ముసలివాడయ్యాడు, కానీ మగ్గం చప్పుళ్ళ మధ్య నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "ఇన్నాళ్ళకు వచ్చినారా సార్?" అని, నేను అడగకముందే తనూ ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. రెండూ తీసుకుపోయి జిల్లా కార్యాలయంలో నా చేత్తోనే ఇచ్చి వచ్చాను.

మూడో రోజు పాత యస్సై ఫోన్ చేశాడు. "ఏమప్పా, నువ్వు పొయ్యేది గాక మమ్మల్ని గూడా గుంజుతాండావే" అన్నాడు. "నా వంతు వచ్చింది సార్" అన్నాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు.

నాకు ఛార్జి మెమో వచ్చింది. విచారణ జరిగింది. విచారించిన అధికారి కఠినంగానే మాట్లాడారు, మాట్లాడాల్సిందే. చివరికి నా సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. పింఛను ఆగలేదు గానీ కాగితాలు కదలడానికి చాలాకాలం పట్టింది. వీడ్కోలు సభకు సగంమంది రాలేదు. నా సర్వీసులో వచ్చిన ప్రశంసాపత్రాలు ఏ పెట్టెలో ఉన్నాయో నాకు తెలియదు. ఆ మందలింపు కాగితం మాత్రం బీరువాలో జాగ్రత్తగా ఉంది. నేను చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పిన కాగితం అదొక్కటే.

రామాంజి పేరున ఉన్న షీట్ రద్దయింది, గడువుకు రెండు రోజుల ముందు. శిక్షణకు పోయే ముందు వచ్చి కనబడ్డాడు. నేను క్షమించమని అడిగాను. వాడు "రాసినారు గద సార్" అన్నాడు. క్షమించానని అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. నా దగ్గరికి వచ్చి అడిగాడే, ఆ ఒక్కదానికే నేను వాడికి ఋణపడి ఉన్నాను. కాగితం పోగొట్టే దారిలో నేను జారిపోతుంటే చేయి పట్టుకుని ఆపింది వాడు.

రద్దు సంగతి కాలనీలో తెలిసిన వారానికి మా గేటు దగ్గర పది పన్నెండు మంది కనబడ్డారు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారనుకుని లోలోపల కాస్త పొంగిపోయిన మాట నిజం. వాళ్ళు వచ్చింది తమ షీట్ల గురించి. "మాకూ రాయండి సార్" అన్నారు. వరండాలో బల్ల వేసుకుని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, అన్నం తిన్నారా అని అడిగి, రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ రాస్తున్నాను. కొన్ని రద్దయ్యాయి, కొన్ని ఇంకా ఆఫీసుల్లో నలుగుతున్నాయి.

ఆ మొదటి రోజు అందరూ వెళ్ళాక తిప్పమ్మ ఒక్కతే మిగిలింది. చూపు తగ్గింది, గోడ పట్టుకుని నడుస్తోంది. "నీ పేరున షీటు లేదు కదమ్మా" అన్నాను.

"నాది గాదు సామీ. మా ఆయప్పది. ఎల్లప్ప."

ఎల్లప్ప ఆమె పెనిమిటి. నేను ఆ స్టేషన్‌లో ఉన్నప్పుడే, చీరల మూట కేసుకు ముందే చనిపోయాడు. వంతుకు నాలుగైదుసార్లు వచ్చినవాడు. పేరున షీట్ ఉండేది. చనిపోగానే, మరణించినందువల్ల మూసివేయడమైనదని ఎర్రసిరాతో రాసింది నేనే.

"అది ఎప్పుడో మూసేసినాం కదమ్మా. మనిషే లేడు. ఇప్పుడు రాసి ఏం చేస్తావు?"

"సచ్చినాడని మూసినారంట గద" అంది ఆమె. "దొంగ గాదు గాబట్టి మూసినామని రాయి సామీ."

కలం తీసుకున్నాను. ఎల్లప్ప దొంగ కాడని, ఏ దొంగతనంలోనూ అతని మీద ఆధారం లేదని, వంతుకు వచ్చాడు కాబట్టే అతని పేరు రాశామని, రాసింది నేనేనని ఒక పేజీ రాసి సంతకం పెట్టాను. ఆమెకు చదువు రాదు. పైకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయిందని కాగితం మడవబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"ఇంగొకసారి సదువు" అంది.

చదివాను.